రయోలైట్ స్లాబులు: డిజైన్ ఎలా పుట్టిందో చూసి కొనండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చుక్కలున్న రయోలైట్ (ఒక అగ్నిపర్వత శిల) స్లాబు, అంటే పలకలా కోసిన ముక్క నుంచి క్యాబ్ (గుమ్మటంలా మలిచి పాలిష్ చేసే నగల రాయి) చేస్తే చుక్కల చుట్టూ గుంటలు పడ్డాయి, ఎంత రుద్దినా మెరుపు రాలేదు. చారలున్న ఇంకో స్లాబు కోస్తుండగానే గీతల మధ్యలోంచి తిన్నగా రెండు ముక్కలైంది. ఇలాంటివి కొనేముందే పసిగట్టే మార్గం ఉందా, ఏది కోసుకోవాలి, ఏది కోయకుండా దాచుకోవాలి అని అడిగారు.

మార్గం ఉంది. స్లాబు చేతికి రాగానే అందరి కళ్లూ రంగుల మీదికే పోతాయి. అది సహజమే. కానీ అగ్నిపర్వత రాళ్ల విషయంలో ఆ డిజైన్ రాయిలోకి ఎలా వచ్చిందో ముందు ఆలోచించాలి. అది అర్థమైతే రాయి ఎక్కడ మెత్తగా ఉంటుందో, ఎటు కోస్తే అందం బయటపడుతుందో, ఎక్కడ విరుగుతుందో చాలావరకు ముందే తెలుస్తుంది.

రయోలైట్ లావాలో సిలికా దాదాపు 70 శాతం, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అంత సిలికా ఉన్న లావా చాలా చిక్కగా ఉంటుంది, తేలిగ్గా పారదు. కదిలినంత మేరా పొరలు పొరలుగా సాగి, మడతలు పడుతుంది. స్ఫటికాలు పెరిగే వ్యవధి లేకుండా చల్లబడిపోతే అదే లావా అబ్సిడియన్ గాజు అవుతుంది. ఆ గాజు కూడా శాశ్వతంగా అలాగే ఉండదు, కాలం గడిచేకొద్దీ లోపల స్ఫటికాలు మొదలవుతాయి. దానికి తోడు వేడి నీళ్లు పగుళ్లలోంచి పారి కొన్నిచోట్ల సిలికాను నింపుతాయి, కొన్నిచోట్ల ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమట్టిగా మార్చేస్తాయి. అందుకే ఒకే స్లాబులో క్వార్ట్జ్ (స్ఫటిక రూపంలోని సిలికా), ఫెల్డ్‌స్పార్, మిగిలిపోయిన గాజు, మట్టి పక్కపక్కనే ఉంటాయి. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో క్వార్ట్జ్ గట్టితనం 7, ఫెల్డ్‌స్పార్ 6, అబ్సిడియన్ 5 నుంచి 5.5. మట్టి ఖనిజాలైతే 1, 2 దగ్గరే. అన్నిటినీ ఒకే చక్రం మీద రుద్దితే మెత్తనివి ముందు అరిగిపోతాయి. మీ క్యాబ్‌లో గుంటలకు కారణం ఇదే. మీ చేతి పనితనం మీద అనుమానం పెట్టుకోకండి.

పేర్ల గురించి ఒక మాట ముందే చెప్పాలి. జాస్పర్ అంటే సూక్ష్మమైన క్వార్ట్జ్ రేణువులతో తయారైన, వెలుతురు దూరని రాయి. మంచి జాస్పర్ మొత్తం ఒకే గట్టితనంతో ఉంటుంది, అద్దంలా పాలిష్ అవుతుంది. కానీ అమ్మకాల్లో డిజైన్ ఉన్న రాయి ప్రతిదానికీ జాస్పర్ అని తగిలిస్తారు. లెపర్డ్‌స్కిన్ జాస్పర్ పేరుతో మెక్సికో నుంచి వచ్చేది గుండ్రటి మచ్చలున్న రయోలైట్. రెయిన్‌ఫారెస్ట్ జాస్పర్ అనేది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని మౌంట్ హే దగ్గర దొరికే ఆకుపచ్చ రయోలైట్. మడగాస్కర్ నుంచి వచ్చే కంబాబాను ఏళ్ల తరబడి ఆదిమ సూక్ష్మజీవుల శిలాజమని చెప్పి అమ్మారు, పరీక్షించి చూస్తే అది అగ్నిపర్వత శిలేనని తేలింది. ఈ మూడూ చక్కటి రాళ్లే, నాకూ ఇష్టమే. కాకపోతే జాస్పర్ అన్న పేరు నమ్మి జాస్పర్‌లా పాలిష్ అవుతుందని ఆశపడితే నిరాశ తప్పదు.

ఇక డిజైన్ల సంగతి. చారల దగ్గర మొదలుపెడతాను, ఎక్కువమంది పొరబడేది అక్కడే.

చారలు రెండు రకాలు. మొదటివి లావా పారుతున్నప్పుడే ఏర్పడ్డవి. ఇవి ఏదైనా స్ఫటికం అడ్డం వస్తే దాని చుట్టూ వంపు తిరిగి మళ్లీ కలుస్తాయి, మడతలు పడతాయి, కొన్నిచోట్ల సన్నబడి మాయమవుతాయి. రెండోవి రాయి గట్టిపడ్డాక చాలాకాలానికి, ఇనుము కరిగిన నీళ్లు లోపలికి ఇంకుతూ లయగా వదిలిన తుప్పు గీతలు. జెల్‌లో ఇలాంటి వలయాలు ఏర్పడటాన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్త రాఫేల్ లీసెగాంగ్ 1896లో వివరించాడు, అందుకే వీటికి లీసెగాంగ్ చారలని పేరు. అమెరికాలో యూటాలోని వెర్నన్ దగ్గర, నెవాడాలోని ఫాలన్ దగ్గర దొరికే వండర్‌స్టోన్‌లో గోధుమ, ఎరుపు, పసుపు గీతలు ఇలా వచ్చినవే.

రెండిటినీ విడదీయడం కష్టం కాదు. స్లాబులో సన్నటి పగుళ్లు వెతకండి. చారలు పగులుకు అటూ ఇటూ ఒకదానికొకటి ప్రతిబింబంలా, పగులుకు సమాంతరంగా నడుస్తుంటే అవి తుప్పు గీతలు. నీళ్లు ఆ పగులులోంచే వచ్చాయి కాబట్టి గీతలు దాన్ని అనుసరించాయి. అంటే అందమైన గీతల మధ్యలో ఒక పాత పగులు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అది సిలికాతో పూడిపోయి ఉంటే భయం లేదు. ఉత్త తుప్పుతో అంటుకుని ఉంటే కోత అదురుకు విడిపోతుంది. మీ చారల స్లాబు మీరు చెప్పినట్టు గీతల మధ్యలోంచే తిన్నగా విడిపోయిందంటే నేను ముందు అనుమానించేది దీన్నే. విరిగిన ముఖం చూడండి. అక్కడ కొత్తగా విరిగిన రాయి తాజాదనం కాకుండా తుప్పు పొర కనబడితే ఆ పగులు కోతలో పుట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే.

తుప్పు గీతలున్న రాయికి ఇంకో గుణం ఉంది. నీళ్లు లోపలికి ఇంకగలిగాయంటే రాయిలో సన్నటి రంధ్రాలున్నాయని అర్థం. కాబట్టి ఇవి పారుడు చారల రాళ్లంత మెరుపు ఇవ్వకపోవచ్చు. పూర్తిగా సిలికా పట్టిన వండర్‌స్టోన్ చాలా బాగా మెరుస్తుంది, సరిగా పట్టనిది సుద్దలా మిగులుతుంది. రెండూ ఒకే గుట్టలో పక్కపక్కనే దొరుకుతాయి. అందువల్ల ఆ చోటు రాయి మంచిది, ఈ చోటు రాయి చెడ్డది అని తీర్పు ఇచ్చేవాళ్ల మాట నేను పట్టించుకోను. ముక్క ముక్కకూ చూడాల్సిందే.

కోత దిక్కు కూడా డిజైన్‌ను బట్టే. లావా పారిన చారలు నిజానికి పొరలు. పొరలకు అడ్డంగా కోస్తే గీతలు వస్తాయి, సమాంతరంగా కోస్తే మేఘాల్లాంటి మరకలు వస్తాయి. మడతలున్న రాయిని మడత ఇరుసుకు, అంటే మడత వంగిన గీతకు అడ్డంగా కోయాలి. అప్పుడే అలలు, సుడులు కనిపిస్తాయి. అదే రాయిని ఇరుసు వెంబడి కోస్తే ఉత్త సమాంతర గీతలే మిగులుతాయి. గుండ్రటి మచ్చలకు మాత్రం దిక్కుతో పని లేదు, గోళాన్ని ఎటు కోసినా వృత్తమే.

ఆ గుండ్రటి మచ్చలను స్ఫెరులైట్లు అంటారు. గాజులో ఒక బిందువు దగ్గర మొదలై అన్ని వైపులకూ పోగుల్లా పెరిగిన ఫెల్డ్‌స్పార్, సిలికా స్ఫటికాల గుత్తులు. స్నోఫ్లేక్ అబ్సిడియన్‌లో తెల్లటి పువ్వులు క్రిస్టోబలైట్ అనే సిలికా రూపం. అవి చుట్టూ ఉన్న గాజు కన్నా గట్టివి, అందుకే అజాగ్రత్తగా పాలిష్ చేస్తే పువ్వులు ఉబ్బెత్తుగా చేతికి తగులుతాయి. రయోలైట్‌లో రెండు రకాలుగానూ జరుగుతుంది. మచ్చలు గట్టిగా ఉండి వాటి చుట్టూ ఉన్న రాయి మట్టిగా మారితే మచ్చలు పైకి లేస్తాయి. మచ్చల నడిబొడ్డే కుళ్లి మట్టయితే అక్కడ గుంట పడుతుంది. మీరు చుక్కల చుట్టూ గుంటలని రాశారు కాబట్టి మీది మొదటి రకం.

స్ఫెరులైట్లకు దగ్గరి బంధువు థండర్‌ఎగ్. బయట రయోలైట్ పెంకు, లోపల అగేట్ లేదా ఒపాల్ (రెండూ సిలికా రూపాలే) నిండిన గుండ్రటి ముద్ద. ఒరెగాన్ రాష్ట్రం 1965లో దీన్ని తన రాష్ట్ర శిలగా ప్రకటించింది. లోపల అగేట్ ఉంటే గట్టి సరుకు, కోతకు మొదటిసారి దిగేవాళ్లకు నేను సంతోషంగా సిఫారసు చేస్తాను.

విరిగిన పెంకులు అతుక్కున్నట్టు ఉండే బ్రెషియా రాళ్లలో చూడాల్సింది పెంకుల్ని కాదు, వాటిని అతికించిన పదార్థాన్ని. సిలికా అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. కాల్సైట్ అయితే ఒక మూల కాస్త గీరి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. కాల్సైట్ గట్టితనం 3 మాత్రమే, కాబట్టి ఆ గీతలన్నీ పాలిష్‌లో కాలువలవుతాయి.

పోర్ఫిరీ దారి వేరు. సన్నటి రేణువుల రాతిలో పెద్ద పెద్ద ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు చెల్లాచెదురుగా ఉండే రాయి ఇది. రోమన్ చక్రవర్తులు ఈజిప్టు తూర్పు ఎడారిలోని గెబెల్ దొఖాన్ గనుల నుంచి తెప్పించుకున్న ఊదారంగు పోర్ఫిరీ ఈ జాతికి రాజు. అంత గట్టి రాయిని వాళ్లు అద్దంలా నునుపు చేశారు కాబట్టి పోర్ఫిరీ పాలిష్ కాదనే మాట తప్పు. దీన్లో గుంటలు మెత్తదనం వల్ల రావు. ఫెల్డ్‌స్పార్ కొన్ని తలాల వెంబడి పెచ్చులుగా ఊడుతుంది, ముతక చక్రం ఆ పెచ్చుల్ని పీకేస్తుంది. 80 గ్రిట్ (చక్రం గరుకుదనం, అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది) మీద ఆకారం తెచ్చేసి వెంటనే దిగిపోండి, 220 మీద ఓపిగ్గా ఎక్కువసేపు ఉండండి. సగం గుంటలు అక్కడే ఆగిపోతాయి.

రంగులు చిమ్మే అబ్సిడియన్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, దీన్ని పాడుచేసుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఒరెగాన్‌లోని గ్లాస్ బ్యూట్స్ ఫైర్ అబ్సిడియన్‌లో రంగులకు కారణం మాగ్నటైట్ సూక్ష్మ స్ఫటికాలు నిండిన అతి పలచని పొరలు. నీటి మీద తేలే నూనె పొరలో రంగులు పుట్టే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. మెక్సికో రెయిన్‌బో అబ్సిడియన్‌లో ఒకే దిక్కుకు వరుసదీరిన పైరాక్సీన్ సూక్ష్మ కడ్డీలు ఆ పని చేస్తాయి. రెండిట్లోనూ రంగు పొరలోనే ఉంటుంది. పొరకు అడ్డంగా కోస్తే చేతిలో మిగిలేది ఉత్త నల్ల గాజు. ముడి రాయిని తడిపి, ఒకే గట్టి దీపం కింద నెమ్మదిగా తిప్పుతూ ఏ ముఖం వెలుగుతుందో గుర్తుపెట్టుకుని, ఆ ముఖానికి దాదాపు సమాంతరంగా కోయాలి. తర్వాత గుమ్మటంలా మలిస్తే పొరలు ఒకదాని తర్వాత ఒకటి తెగి రంగు వలయాలుగా కనిపిస్తాయి. ఫైర్ అబ్సిడియన్‌లో ఒక్క పొర దాటి అరగదీస్తే ఆ రంగు తిరిగి రాదు. కాబట్టి రుద్దినప్పుడల్లా ఆగి చూసుకోండి.

ఇప్పుడు కొనేటప్పుడు చేయాల్సిన పరీక్షలు. అమ్మేవాళ్లు స్లాబును తడిపి ఫోటో తీస్తారు. రంగు తేలడానికి అది అవసరమే, తప్పు పట్టను. కానీ తడి పగుళ్లను, సుద్ద భాగాలను దాచేస్తుంది. పొడి ఫోటో కూడా అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. చేతిలో ఉన్న స్లాబైతే తడిపి, తుడిచి, ఆరుతుండగా చూస్తూ ఉండండి. రాయంతా ఆరిపోయాక కూడా నల్లగా మిగిలే గీత పగులు, నల్లగా మిగిలే మచ్చ రంధ్రాల భాగం. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు కనబడలేదు, ఖర్చూ లేదు. పొడి రాయి మీద ఒక నీటి చుక్క వేయండి. పూసలా నిలబడితే గట్టి రాయి, క్షణాల్లో ఇంకిపోతే రెసిన్ (రంధ్రాల్లోకి ఇంకి గట్టిపడే జిగురు) పట్టించాల్సిన రాయి. స్టీలు మేకు మొనతో అంచున నాలుగైదు రంగుల మీద గీయండి. అన్నిచోట్లా మొన జారిపోయి లోహపు గీత మాత్రమే పడితే అంతా గట్టిదే. ఒక రంగులో దిగబడి ఇంకో రంగులో జారితే అక్కడ గుంటలు తప్పవు. స్లాబును రెండు వేళ్ల మధ్య వేలాడదీసి చిన్నగా తడితే కంగుమనాలి, బొదబొదమంటే లోపల పగులుంది. రంగు వేసినదేమో అని అనుమానం వస్తే అసిటోన్ అద్దిన దూదితో రుద్దండి. అంటిందంటే కృత్రిమ రంగే, అంటకపోతే మాత్రం అసలు రంగేనని దానితోనే తేల్చేయలేం.

మందం 5, 6 మిల్లీమీటర్లు చాలు. రంధ్రాలున్న రాయికి 8 దాకా తీసుకోండి.

పని దగ్గరికొస్తే, రంధ్రాలున్న రయోలైట్‌ను నూనెతో నడిచే రంపం మీద పెట్టకండి. నూనె లోపలికి పీల్చుకుని లేత రంగులు మాసిపోతాయి, తర్వాత రెసిన్ కూడా పట్టదు. నీళ్లతో నడిచే రంపమే మేలు. నూనె రంపం తప్ప వేరే దారి లేకపోతే రాయిని ముందు రాత్రంతా నీళ్లలో నానబెడితే రంధ్రాల్లో నీళ్లుంటాయి కాబట్టి నూనె తక్కువ ఎక్కుతుంది, కోసిన వెంటనే డిటర్జెంట్‌తో కడగాలి. బంకమట్టి ఎక్కువ కనిపించే రాయిని మాత్రం నానబెట్టొద్దు, మట్టి ఉబ్బి రాయి చీలిపోతుంది.

గుంటలు రాకుండా చూసుకునే కిటుకంతా చక్రంలో ఉంది. స్పాంజిలాంటి మెత్తటి వెనుకదన్ను ఉన్న చక్రం మెత్తని భాగాల్లోకి ఒదిగిపోయి వాటిని ఇంకా తవ్వుతుంది. గట్టి వెనుకదన్ను, పదును తగ్గని డైమండ్, తేలికైన ఒత్తిడి ఉంటే గట్టివీ మెత్తవీ దాదాపు ఒకే మట్టంలో తెగుతాయి. 220 మీద గీతలన్నీ పోయేదాకా ఉండి, 600, 1200, 3000 వేగంగా దాటేయండి. చివర్లో తోలు మీద అల్యూమినియం ఆక్సైడ్ పాలిష్ పొడితో కొద్దిసేపు రుద్దితే చాలు. మెరుపు రాలేదని నమదా చక్రం మీద గంటసేపు నొక్కడమే అన్నిటికన్నా చెడ్డ పని. రుద్దేకొద్దీ గుంటలు లోతవుతాయి తప్ప మెరుపు రాదు. అబ్సిడియన్‌కు మాత్రం సీరియం ఆక్సైడ్ వాడండి, పుష్కలంగా నీళ్లు ఉండాలి. అది గాజు, వేడెక్కితే చిట్లుతుంది.

దుమ్ము విషయంలో రాజీ వద్దు. ఈ రాళ్లన్నిటిలోనూ సిలికా ఉంది. స్ఫటిక రూపంలో ఉన్న సిలికా దుమ్ము సిలికోసిస్ తెస్తుంది, ఊపిరితిత్తుల క్యాన్సర్ కారకంగానూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం 8 గంటల పని సగటున గాలిలో ఈ దుమ్ము ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు మించకూడదు. అంటే హాని జరగడానికి కంటికి కనబడేటంత దుమ్ము కూడా అక్కర్లేదు. ఎప్పుడూ తడిగానే కోయండి, చక్రం నుంచి లేచే సన్నటి తుంపరలోనూ అదే దుమ్ము ఉంటుంది కాబట్టి కనీసం ఎన్95 మాస్కు వేసుకోండి. ఆరిపోయిన బురదను చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో ఎత్తండి.

ఏది కోయాలి, ఏది దాచుకోవాలి అన్నదానికి నా లెక్క చెప్తాను. డిజైన్ చిన్నదై స్లాబంతా మళ్లీ మళ్లీ వస్తుంటే కోసేయండి, ఏ మూల నుంచి తీసినా క్యాబ్ అందంగానే వస్తుంది. కొండలు, తీరం, తుఫాను లాంటి దృశ్యం ఒకటి స్లాబంతా పరుచుకుని ఉంటే దాన్ని ముక్కలు చేయడం నాకు మనసొప్పదు. ఒక ముఖం పాలిష్ చేసి అలాగే ఉంచండి. రెసిన్ లేకుండా నిలబడని రాయి, పగుళ్ల మధ్యే డిజైన్ ఉన్న రాయి కూడా స్లాబుగానే బాగుంటాయి. మెరుపు కోసం లక్క, వార్నిష్ పూయకండి. కొన్నాళ్లకు పసుపెక్కుతుంది, కింద ఉన్న అసలు రాయిని చూడనివ్వదు.

దాచుకునే స్లాబుకు ఊరూ పేరూ ఉండాలి. వెనక ఒక మూల పారలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ పూత పలచగా పూసి, అది ఆరాక దానిమీద సిరాతో నంబరు రాయండి. మ్యూజియంల పద్ధతి ఇదే, అవసరమైతే అసిటోన్‌తో చెరిపేయొచ్చు. ఆ నంబరు కింద పుస్తకంలో రాయి దొరికిన చోటు, అమ్మిన పేరు, మీకు తెలిసిన శిల పేరు, రెసిన్ పట్టించారా లేదా అన్నవి రాయండి. అమ్మిన పేరునూ శిల పేరునూ విడివిడిగా రాయడం ముఖ్యం. కంబాబా విషయంలో జరిగినట్టు శాస్త్రం రేపు ఇంకో మాట చెప్పినా మీ రికార్డు చెడదు. ఎవరికైనా ఇచ్చినా, అమ్మినా రెసిన్ సంగతి దాచకుండా చెప్పండి.

ఇక మీ దగ్గరున్న రెండు రాళ్లు. చుక్కల స్లాబులో మిగిలిన భాగాన్ని నూనె లేకుండా శుభ్రంగా కడిగి, 60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, గోరువెచ్చగా ఉండగానే పలచటి ఎపాక్సీ రెసిన్ పట్టించండి. రెసిన్ పూర్తిగా గట్టిపడ్డాకే 220 నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఇప్పటికే గుంటలు పడ్డ క్యాబ్‌ను పారేయకండి, అదే రెసిన్ గుంటల్లో నింపి పైమట్టం సమం చేయొచ్చు, లేదా 600 దగ్గరే ఆపి మెరుపు లేని నునుపుతో వదిలేయొచ్చు. చాలా స్ఫెరులైట్లు అలా కూడా ఎంతో బాగుంటాయి. చారల స్లాబు రెండు ముక్కలనూ అతికించే ప్రయత్నం వద్దు. విరిగిన గీతనే ఒక అంచుగా పెట్టుకుని రెండిటికీ ఒకే ఆకారం గీయండి. తుప్పు గీతలు పగులుకు అటూ ఇటూ ప్రతిబింబాలుగా ఉంటాయి కాబట్టి చెవిపోగుల జతకు అంతకన్నా మంచి స్లాబు వెతికినా దొరకదు.